ముందెద్దు పొట్టకొలత

మబ్బుకొండ మీద అన్నీ దొరుకుతాయి, ఉప్పు తప్ప. ఒక ఏడు ఉప్పు అందక అక్కడి పులికి మీసాలు జారిపోతే గడ్డం కింద ముడేసుకుని తిరిగింది. జింకలు గెంతబోయి గాల్లోనే ఆగిపోయి, కాసేపు ఆలోచించుకుని కిందికి దిగేవి. ఇక కుందేళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒక్కో చెవి నిలబెట్టడానికి రెండేసి పుల్లలు ఆనించుకోవలసి వచ్చేది.

అందుకని కొండమీది వాళ్ళంతా కూడి, సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళ దగ్గర మేసే ఎద్దులకి తాంబూలం ఇచ్చి మాట తీసుకున్నారు. ప్రతి పున్నమి సంతకీ ఉప్పు కొండమీదికి చేరాలి. చేర్చినన్నాళ్ళూ ఉప్పుమళ్ళ పక్కన ఉన్న పచ్చిక ఎద్దులది. ఏటా వానాకాలంలో ఒక పున్నమికి మళ్ళీ తాంబూలం, మళ్ళీ మాట. అలా మొదలైంది ఎద్దుల ఉప్పు బిడారు.

బిడారంటే నలభై ఎద్దులు, చివర్న ఒక గాడిద. ఒక్కొక్కరి వీపు మీద ఒక పెరికె, అంటే పక్కలకి అటొకటి ఇటొకటి వేలాడే జోడుసంచి. దాని నిండా ఉప్పు. అందరికంటే ముందు, మెడలో కంచుగంటతో నడిచేవాడు ముందెద్దు. ఆ గంట ఎంత చురుగ్గా మోగితే బిడారు అంత చురుగ్గా నడుస్తుంది. ఆగితే ఆగుతుంది.

దారిలో గుల్లేరు అడ్డం పడుతుంది. ఆ ఏటి దగ్గర ఒక కట్టుబాటుంది. ముందుగా ముందెద్దు ఒక్కడే నీళ్ళలోకి దిగి ఏటి నడుమ నిలబడాలి. నీళ్ళు పొట్టకి తగలకపోతే గంట ఊపాలి, అందరూ దాటాలి. తగిలితే వెనక్కి వచ్చెయ్యాలి, ఏరు తగ్గేదాకా ఒడ్డునే ఉండాలి. పెరికె అడుగు సరిగ్గా పొట్ట మట్టానికే వేలాడుతుంది మరి. పొట్ట తడిస్తే ఉప్పు తడిసినట్టే, ఉప్పు తడిస్తే ఏరు తాగేసినట్టే. గంట మోగకముందు వేరే ఎవరైనా నీళ్ళలో గిట్ట పెట్టారో, బిడారు నుంచి వెలి. ఈ పొట్టకొలతతో ఏడు తరాల ముందెద్దులు ఏరు దాటించారు. ఒక్క ఉప్పురాయి కరిగితే ఒట్టు.

ఎనిమిదో తరంలో ముందెద్దు అయినవాడు బూదప్ప. ఒళ్ళు బూడిదరంగు, కొమ్ములు కొలిచి దిద్దినట్టుండేవి. వయసులో అతను ఊపిరి పీలిస్తే చుట్టుపక్కల చెట్ల ఆకులు ముక్కు వైపు వంగేవి. రెండు పెరికెలు మోసుకుంటూ కొండెక్కి, దిగి, పైన ఎవరికో చెప్పడం మర్చిపోయిన మాట గుర్తొస్తే మళ్ళీ ఎక్కి చెప్పి వచ్చేవాడు. అందుకే గంట అతని మెడలో పడింది.

గంట పడిన మర్నాడే అతని పెరికె దిగింది.

"ముందెద్దు బరువు మోస్తే మా పరువేం కానండీ?" అన్నాడు మైలన్న. రెండో వరసలో నడిచే ఎద్దు అతను, ఎవరేమన్నా అవుననే రకం. "మీరు ఆలోచించండి పెద్దయ్యా, మేం మోస్తాం."

బూదప్పకి ఆ మాట సబబుగానే తోచింది. పాపం, ఆలోచించాల్సినవి నిజంగానే బోలెడున్నాయి. ఏ మడిలో ఉప్పు ఎండిందో, ఎవరి గిట్టలో ముల్లు దిగిందో, ఎవరితో ఎవరు మాట్లాడ్డం లేదో, అన్నీ ముందెద్దు నెత్తినే. తెల్లారగానే ఉప్పుమళ్ళ చుట్టూ ఒక చుట్టు నడిచే అలవాటుండేది అతనికి. ఒకనాడు పని ఉండి మానేశాడు. మర్నాడు ఇంకో పని. రేపట్నించి నడుద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు మూడేళ్ళ దూరం జరిగిపోయింది. కూర్చుంటేనే ఆలోచన సాగుతుందని, కూర్చున్నప్పుడు నోరు ఊరికే ఉంటే ఆలోచన ఆగిపోతుందని కూడా అతనికి నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకానికి నీళ్ళు పోసి పెంచింది నక్క సూరక్క. గుల్లేటి ఒడ్డున ఆమెకో దాణాకొట్టు ఉండేది.

"రండి అన్నగారూ, రండి! అయ్యయ్యో, ఎంత చిక్కిపోయారండీ! ముఖమంతా పీక్కుపోయింది."

అప్పటికి అతని ముఖం రుబ్బురోలంత ఉంది.

"చిక్కానంటావా సూరక్కా?"

"చిక్కరా మరి? బిడారు బరువంతా మీ బుర్ర మీదే కదా! బుర్రకి బలం కావాలంటే ఉలవగుగ్గిళ్ళు బెల్లంతో కలిపి తినాలి. పైన ఒక గంపెడు తెలగపిండి. నాకేం ఇవ్వొద్దండీ, ఊరికే ఒక సంచి ఉప్పు అక్కడ పారేసి పొండి. మీకు ఉప్పుకేం కొదవ?"

మొదట్లో బూదప్ప గంపెడు తిన్నాడు. తర్వాత గంపలు మూడు. ఆ తర్వాత గంపలు ఎత్తి పొయ్యడం ఆలస్యమవుతోందని సూరక్క తొట్టి కట్టించింది. అతను తొట్టి దగ్గర నిలబడితే అవతలి ఒడ్డున సూర్యుడు పొడిచాడో లేదో తెలిసేది కాదు, అంత చాటు.

అప్పుడే ఏరు పెరగడం మొదలైంది.

ఒక వానాకాలం బూదప్ప నీళ్ళలోకి దిగి నిలబడితే పొట్టకి చల్లగా తగిలింది. వెనక్కి వచ్చేశాడు. "ఆగండి. ఏరు ఎక్కువగా ఉంది."

రెండు రోజులు ఆగారు. ఆ రెండు రోజులూ తొట్టి నిండుతూ ఖాళీ అవుతూ ఉంది. మూడోనాడు దిగితే ఏరు ఇంకాస్త పెరిగింది!

"చిత్రంగా ఉందే మైలన్నా! మబ్బు లేదు, వాన లేదు, ఏరు ఎలా పెరిగింది?"

మైలన్న ఏటి వైపు చూశాడు, ముందెద్దు పొట్ట వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. మూడింటిలో ఆకాశాన్ని ఏమన్నా కోపం తెచ్చుకోదు కదా. "కాలం మారిపోయిందండీ" అన్నాడు.

"కొండ కూడా మునుపటిలా లేదురా. నిటారుగా అయింది. నాలుగు అడుగులకే ఊపిరి అందడం లేదు."

"పెరిగిందండీ! నిన్న కళ్ళారా చూశాను, మబ్బులు దాన్ని తప్పుకుని పక్కనించి పోతున్నాయి."

"ఎండ కూడా ముదిరింది."

"ముదరడమా! నా నీడకి చెమట పట్టిందండీ నిన్న."

ఇలా ఏరూ కొండా ఎండా అన్నీ కట్టగట్టుకుని తన మీదికి వస్తున్నాయని బూదప్పకి రూఢి అయిపోయింది. మరి లోకం మారితే నాయకుడైనవాడు పద్ధతి మార్చాలి కదా! కొండ నిటారైందని చుట్టుదారి పట్టించాడు. అది తుమ్మ అడవి, ఆరు ఎద్దులు కుంటివయ్యాయి. ఎండ ముదిరిందని పూటకో మజిలీ పెట్టించాడు. రాత్రి సరిగ్గా నిద్రపట్టక, పొద్దున ఆయాసంతో లేచి, ఎదురుపడిన వాడి మీదల్లా విసుక్కున్నాడు. "మీ బద్ధకం వల్లే సంత తప్పిపోతోంది" అని పడుచు ఎద్దుల్ని తిట్టాడు. వాళ్ళు తలవంచుకుని, అతని ఆయాసం ఎప్పుడు తగ్గుతుందా అని ఎదురుచూస్తూ అతని వెనకాలే నిలబడ్డారు.

ఒకనాడు మాత్రం అతనికి ఒక సందేహం వచ్చింది. తొట్టి దగ్గర నిలబడి ఉండగా ఏట్లోంచి మేకలు వరసగా దాటిపోతున్నాయి, వీపుల మీద చిన్నచిన్న మూటలతో.

"సూరక్కా, ఎద్దునైన నేనే దాటలేకపోతున్నానే, ఆ మేకలెలా దాటుతున్నాయి?"

సూరక్క చెవి కూడా కదపలేదు. "మేకలు కదండీ, నీళ్ళ అడుగున రాళ్ళుంటాయి, వాటి మీద గెంతుకుంటూ పోతాయి. మీరూ గెంతి చూస్తారా?"

తను గెంతుతున్నట్టు బూదప్ప ఒకసారి ఊహించుకున్నాడు. ఊహలోనే భూమి అదిరింది. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఆ మూటల్లో ఏముందో అడగాలని కూడా అతనికి తోచలేదు. ఆయాసపడేవాడికి ఒక్క ప్రశ్నకి మించి ఓపిక ఉండదు. ఆ మూటల్లో ఉన్నది తను పారేసి వచ్చిన ఉప్పే.

మూడు సంతలు తప్పాయి. నాలుగో పున్నమి తెల్లారితే వస్తుందనగా, బిడారు మళ్ళీ ఒడ్డున కూలబడి ఉండగా, కొండమీద నుంచి గోరువంక వచ్చి బూదప్ప కొమ్ము మీద వాలింది. కొండమీది సంతకి పెద్ద గురవప్ప అనే ఎలుగుబంటి. ఆయన మాటలు ఆయన గొంతుతోనే చెప్పడం దాని ఉద్యోగం. గోరువంక ఒళ్ళంతా ఉబ్బించుకుని, గొంతు బొంగురు చేసుకుని అందుకుంది.

"బూదప్పా! మూడు సంతలకి మీ గంట వినబడలేదు. చూలు జింకలు మట్టి నాకుతున్నాయి. ఉప్పు రాకపోలేదు, మేకలు తెస్తున్నాయి. సూరక్క ఉప్పట. పిడికెడిచ్చి బుట్టెడు తేనె అడుగుతోంది. వచ్చేది తాంబూలాల పున్నమి. సంత ముగిసేలోగా నీ గంట వినబడిందా, తాంబూలం నీది. లేదా, ఆమెది. కోపం లేదు నాయనా. కానీ ఇక్కడ పిల్లలు పుట్టాలి."

చెప్పేసి గోరువంక మామూలు సైజుకి వచ్చి ఎగిరిపోయింది.

తాంబూలం పోతే పచ్చిక పోతుంది. పచ్చిక పోతే నలభై ఎద్దులు, వాళ్ళ వెనకాల కుంటివాళ్ళు, ముసలివాళ్ళు, ఈనబోయే ఆవులు, ఎవరెక్కడికి పోతారు? బూదప్ప పరుగున, అంటే ఇతరులు నడిచేటంత వేగంతో, నీళ్ళలోకి దిగాడు. పొట్ట తడిసింది. కొంచెం పైకి వెళ్ళి దిగాడు. తడిసింది. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని దిగాడు. ఊపిరి వదలగానే ఎగసిన అలకి ఒడ్డున ఎండేసిన గోనెలు కొట్టుకుపోయాయి. వచ్చి ఒడ్డున కూర్చుండిపోయాడు. ఆ పూట తొట్టి వైపు కూడా వెళ్ళలేదు.

తెల్లవారుతుండగా ఎవరో అతని తోక లాగారు. చూస్తే చెన్నమ్మవ్వ, బిడారు చివర నడిచే గాడిద. ఆమె వయసు నూటనలభై ఏళ్ళని కొందరు, అబ్బే ఇంకా ఎక్కువేనని కొందరు. ఎముకల మీద తోలు తప్ప ఏం ఉండదు, కానీ ఆమె పెరికె ఒక్కనాడు కింద పెట్టి ఎరగదు.

"లే నాయనా. నీళ్ళు తాగొద్దాం రా."

"దాహంగా లేదవ్వా."

"నాకుంది. తోడు రా."

ఏటి దగ్గర చెన్నమ్మ ఆగలేదు. నేరుగా నీళ్ళలోకి నడిచింది.

"అవ్వా! గంట మోగలేదు! కట్టుబాటు!"

"వెలేద్దువుగానిలే, ఎక్కడికీ పారిపోను. ముందు ఇటొచ్చి నా పక్కన నిలబడు."

ఏం చెయ్యాలో తోచక బూదప్ప వెళ్ళి నడి ఏట్లో ఆమె పక్కన నిలబడ్డాడు. ఎవరూ లేవలేదింకా. నీళ్ళు నిమ్మళంగా పారుతున్నాయి.

"నీకంటే నేను ఎంత పొట్టి?"

"జానెడు పైనే."

"నా పొట్ట తడిసిందేమో చూసి చెప్పు. నాకు కనబడదు."

బూదప్ప వంగి చూశాడు. ఆమె పొట్టకీ నీళ్ళకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. అందులోంచి ఒక చేప ఇటు నుంచి అటు గెంతి, కావాలనే మళ్ళీ అటు నుంచి ఇటు గెంతింది.

"నువ్వు మెట్ట మీద ఉన్నట్టున్నావు అవ్వా" అన్నాడు బూదప్ప చివరికి.

"అయితే చోటు మారదాం."

మారారు. అవ్వ పొట్ట పొడిగానే ఉంది. అతని పొట్ట నీళ్ళలోనే ఉంది. 

"ఏరు పెరగలేదు నాయనా" అంది చెన్నమ్మ. "నీ పొట్ట దిగింది."



"మరి కొండ?"

"మీ తాత ఎక్కిన కొండే."

"ఎండ?"

"అదీ ఆనాటిదే."

"ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదవ్వా?"

"ముందెద్దుకి పొట్ట దిగిందని చెప్పడానికి నోరెవరికి వస్తుంది? నేను రెండుసార్లు బిడారు తోక దగ్గర్నించి నీ దాకా వచ్చాను. ఒకసారి రొప్పుతూ నా మీద కసురుకున్నావు. ఇంకోసారి తొట్టిలో తల పెట్టి ఉన్నావు, వినబడలేదు. నిన్న నువ్వు ఊపిరి బిగబట్టి దిగడం చూశాక, ఇక వెలేసినా సరేననుకున్నాను."

బూదప్ప నీళ్ళలో తన నీడ వంక చూసుకున్నాడు. ఈ మూడేళ్ళలో ఆలోచించి తేల్చానని తను అనుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తుమ్మదారి, మజిలీలు, పడుచు ఎద్దులకి పెట్టిన చీవాట్లు. వాటిలో తన బుర్ర చెప్పినవెన్నో, తన ఆయాసం చెప్పినవెన్నో విడదీయబోయాడు. విడిపోలేదు. కుంటివాళ్ళైన ఆరు ఎద్దుల పేర్లు మాత్రం స్పష్టంగా గుర్తున్నాయి.

అతను తల ఎత్తి గంట ఊపాడు. మూడేళ్ళలో ఎన్నడూ మోగనంత గట్టిగా మోగింది. ఒడ్డున నిద్రపోతున్న ఎద్దులు నలభై మూరలు గాల్లోకి లేచి, పెరికెలు తగిలించుకునే కింద పడ్డాయి. సూరక్క కొట్టులోంచి బయటికి ఉరికింది.

"అన్నగారూ! ఏరు పోటు మీద ఉంది కదండీ! తొట్టి నింపాను కదండీ!"

"ఏరు పెరగలేదు సూరక్కా" అన్నాడు బూదప్ప, బిడారంతా వినేలా. "నా పొట్ట దిగింది. దాటండర్రా!"

మైలన్న పక్కనించి దాటుతూ, "నేనూ అదే అనుకుంటున్నానండీ మూడేళ్ళుగా" అన్నాడు.

"అనుకున్నావు సరే. అనలేదేం?"

మైలన్న ఈసారీ ఆకాశం వైపే చూసి, గబగబా దాటేశాడు.

ఏరైతే దాటారు గానీ కొండ మిగిలి ఉంది. తప్పు తెలిసినంత మాత్రాన ఆయాసం తగ్గదు కదా. మొదటి మలుపుకి బూదప్ప నాలుక వేలాడింది, రెండో మలుపుకి నేలకి తగిలింది, మూడో మలుపులో దాన్ని తనే తొక్కుకున్నాడు. ముందు కాళ్ళు మడతపడ్డాయి. గంట ఆగింది. వెనక డెక్కలన్నీ ఆగాయి. పొద్దు నడినెత్తికి వస్తోంది. సంత చీకటిపడితే ముగుస్తుంది.

"కాసేపు కూర్చుందామండీ, తొందరేముంది" అన్నాడొక ఎద్దు, అలవాటుగా.

బూదప్ప మెడ వంచి గంటతాడు కొమ్ముతో తప్పించాడు. "చెన్నమ్మవ్వా, ఇలా రా. ఇది నీ మెడలో వేసుకో."

బిడారంతా గుప్పుమంది. "ఎద్దుల ముందు గాడిదా?" "నలుగురూ చూస్తే నవ్వరూ?" "మైలన్న ఉన్నాడు కదండీ!"

"మైలన్న నేను ఆగినప్పుడల్లా ఆగాడు" అన్నాడు బూదప్ప. "అవ్వ తనంత తను ఎన్నడూ ఆగలేదు. ఈ దారిలో ఏ రాయి కదులుతుందో కళ్ళు మూసుకుని చెబుతుంది. గంట సంతలో వినబడాలి, అంతే. నా మెడలో ఉంటే ఇక్కడే ఉండిపోతుంది. అవ్వా, నీ పెరికె నా వీపు మీద పెట్టి వెళ్ళు. నే మెల్లగా వస్తా."

చెన్నమ్మ గంట వేసుకుంది. ఒకసారి అతని చెవి నాకింది. ఆమె నడక వేగం కాదు, కానీ వాననీరు పల్లానికి పోయినట్టు ఎక్కడా తెగదు. పొద్దు కుంకేలోగా గంట చప్పుడు సంతలో పడింది. గురవప్ప బయటికి వచ్చి, గాడిద మెడలో గంటని పైనుంచి కిందికి, కింద నుంచి పైకి చూశాడు.

"గంట వినబడాలన్నాను. వినబడింది" అని తాంబూలం ఆమె ముందు పెట్టాడు. ఆ రాత్రి చూలు జింకలు ఉప్పు నాకిన చప్పుడికి కొండ అవతల ఊళ్ళో దొంగలు పడ్డారేమోనని తలుపులు వేసుకున్నారట.

బూదప్ప మర్నాడు మధ్యాహ్నానికి పెరికెతో సహా పైకి చేరాడు. గురవప్ప గుర్తుపట్టనట్టు అడిగాడు, "నువ్వెవరివి నాయనా?"

"బిడారు చివరివాణ్ణి" అన్నాడు బూదప్ప.

అన్నమాట ప్రకారం ఏడాది పొడుగునా చివర్నే నడిచాడు, చెన్నమ్మ పెరికె మోస్తూ. మొదటి నెల పది అడుగులకొకసారి నిలబడేవాడు, ఒళ్ళంతా పుళ్ళే. రెండో నెలలో ఒకసారి మనసు గుగ్గిళ్ళ మీదికి పోయి సూరక్క కొట్టు దాకా వెళ్ళాడు కూడా. తొట్టిలో తన మూతి ఆకారంలో పడిన గుంట చూసుకుని, సిగ్గేసి వచ్చేశాడు. తెల్లారగానే ఉప్పుమళ్ళ చుట్టూ నడక మళ్ళీ మొదలుపెట్టాడు. ఎండుగడ్డి, అదీ సగం కడుపుకి. పొట్ట తొందరపడకుండా, అలిగి పుట్టింటికి పోయే కోడలిలా వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ పోయింది.

చివర్నించి నడవడం వల్ల ఇంకొకటి జరిగింది. ముందు నడిచినప్పుడు ఎన్నడూ కనబడనివన్నీ కనబడ్డాయి. ఎవరి వీపు ఒరుసుకుపోయిందో, ఎవరు ఎడమకాలు దాచుకుంటూ నడుస్తున్నారో. నిద్ర పట్టసాగింది. కసురుకోవడం తగ్గింది. కసరడం తగ్గేసరికి చెప్పేవాళ్ళు పెరిగారు. ఒకనాడు మైలన్న తనంత తనే వచ్చి, "పెద్దయ్యా, అప్పట్లో మీరు పెట్టించిన మజిలీలు నాకు నచ్చలేదండీ" అని, తన మాటకి తనే బెదిరి రెండు మూరలు వెనక్కి గెంతాడు. "ఎందుకు నచ్చలేదో చెప్పరా" అని కూర్చోబెట్టుకున్నాడు బూదప్ప.

మళ్ళీ తాంబూలాల పున్నమి దగ్గరపడింది. బయల్దేరేముందు చెన్నమ్మ గంట తీసి అతని మెడలో వేసింది. "నా మెడ వంగిపోతోంది. ఇక నువ్వు మోయి."

"రెండూ మోస్తానవ్వా" అని బూదప్ప గంటతోపాటు పెరికె కూడా ఉంచుకున్నాడు.

బిడారు ఏటి దగ్గరికి వచ్చేసరికి చిరుజల్లు పడుతోంది. సూరక్క కొట్టు ముందు మేకలు గుంపుగా ఉన్నాయి. మూడేళ్ళ పాటు పోగేసిన ఉప్పులో మిగిలిందంతా ఆమె ఆ రోజు మూటలు కట్టించింది. ఎద్దులకంటే ముందే సంతకి చేరి తాంబూలం ఎగరేసుకుపోవాలని ఆమె పంతం. కానీ ఆమె ఏనాడూ ఏటి వంక చూసి ఎరగదు. బూదప్ప ఆగితే ఏరు తక్కువున్నట్టు. ఆమెకి ఆ కొలత చాలు.

బూదప్ప ఏటి నడుమకి నడిచి నిలబడ్డాడు. నీళ్ళు పొట్టకి తగిలాయి. చూస్తుండగానే పైకి ఎక్కుతున్నాయి, పై కొండల్లో ఎక్కడో గట్టి వానే. గిరుక్కున తిరిగి ఒడ్డుకి వచ్చేశాడు. "ఆగండర్రా. ఏరు పోటు మీద ఉంది."

సూరక్క పొట్ట పట్టుకుని నవ్వింది. రెండు పెరికెసంచుల చాటున అతని పొట్ట ఎక్కడుందో ఆమెకి కనబడలేదు. కనబడాలని ఆమె చూడనూ లేదు. "గంట మెడలో పడింది, తొట్టి గుర్తొచ్చిందన్నమాట! పదండే మేకల్లారా, అన్నగారు ఆగారంటే మనకి దారి తెరిచినట్టే!" అంటూ అందరికంటే పెద్ద మేకపోతు వీపెక్కి కూర్చుంది.

"సూరక్కా, వద్దు! ఏరు నిజంగానే పెరిగింది!"

"ఆ మాట మూడేళ్ళుగా వింటూనే ఉన్నానండీ అన్నగారూ!"

నడి ఏట్లోకి వెళ్ళేసరికి నీళ్ళు మేకల గడ్డాలు తడిపాయి. ఆ తర్వాత మూటలు నానాయి. ఆ తర్వాత మూటలు లేవు, ఉత్త గోనెలే ఉన్నాయి. మేకలు అరుచుకుంటూ కొట్టుకుపోతున్నాయి. మేకపోతు తోక పట్టుకుని సూరక్క గిరగిర తిరుగుతోంది.

బూదప్ప పెరికె కింద దించి నీళ్ళలోకి దూకాడు. ఒక్కో విసురుకి ఆరేసి మేకల్ని కొమ్ముల మీద ఎక్కించుకుని ఒడ్డున పడేసి మళ్ళీ దూకాడు. ఏరు అతన్ని ఒకసారి లాగింది, అతను ఏటిని రెండుసార్లు లాగాడు. చివరికి సూరక్కని తోక పట్టి తెచ్చి, ఆమె కొట్టు ముందే నిలబెట్టాడు. నిలబెట్టాక ఊపిరి ఒక్కసారి మామూలుగా పీల్చుకున్నాడు, అంతే. ఒడ్డున ఉన్న చెట్ల ఆకులు కాస్త అతని వైపు వంగాయి.

సూరక్క ఉప్పంతా గుల్లేట్లో కలిసింది. దిగువ ఊళ్ళ వాళ్ళు నెల్లాళ్ళ దాకా పప్పులో ఉప్పు వెయ్యలేదు.

తెల్లారేసరికి పోటు తీసింది. బూదప్ప దిగాడు, పొట్టకి నీళ్ళు అందలేదు, గంట మోగింది. దాటుతున్న బిడారుని చూస్తూ, తడిసి సగమైన తోక ఎండబెట్టుకుంటూ కూర్చుంది సూరక్క. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"ఒక్కమాట అన్నగారూ. నిన్న ఏరు పెరిగిందని మీకెలా తెలిసింది?"

"నా పొట్ట చెప్పింది సూరక్కా."

"అది ఎప్పుడూ అదే చెప్పేది కదండీ!"

"అవును. ఇప్పుడు నిజం చెబుతోంది" అని బూదప్ప కొండ వైపు నడిచాడు. చుట్టుదారిన కాదు, నిటారు దారినే. వెనకాల బిడారు డెక్కలన్నీ, అన్నిటికీ చివర, వీపు మీద బరువు లేక ఏం చెయ్యాలో తోచక రెండుసార్లు గెంతిన ముసలి గాడిద. సంత మొదలయ్యే లోపే గంట కొండ మీద వినబడింది.

అందుకే, పదిమందిని నడిపేవాడు లోకం బరువెక్కిందని అనేముందు, బరువెక్కింది తన ఒళ్ళేమో చూసుకోవాలి.